నాలుగో మూల

నేను పుట్టు పిరికిదాన్ని. దాచుకునేదేమీ లేదు, మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరికీ తెలిసిన సంగతే. బల్లి మీద పడితే వీధంతా వినిపించేలా అరుస్తాను. ఉరుము ఉరిమితే ఇప్పటికీ కాళ్లు మంచం మీదికి తీసుకుంటాను. మా ఆయనకు నన్ను ఆటపట్టించడానికి కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అందుకే మా ఇంటి ముందుగది గురించి నాకు మొదటిసారి భయం వేసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. ఉన్న భయాల్లో ఇదొకటి అనుకున్నాను.

ఆ గదిలో రోజూ పొద్దున పద్దెనిమిది మంది పిల్లలు కూర్చునేవాళ్లు. మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు, ముక్కు తుడుచుకోవడం ఇంకా రానివాళ్లు. నేను అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటర్‌కు సొంత బిల్డింగ్ లేకపోతే మా ముందుగదినే కిరాయికి ఇచ్చాం. నాకు గడప దాటితే ఉద్యోగం, పిల్లలకు సిమెంటు ఇల్లు. అందరికీ మంచిదే అనుకున్నాం.

మా ఊరు బూర్గంపాడు దాటి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది. ఒక పక్క గోదావరి ఇసుక, ఇంకో పక్క చెట్లు మొదలవుతాయి. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఊరి చివర కొత్త కాలనీ లేచింది. అందులో ఏడు ఇళ్లు మా ఆయన కట్టినవే. ఆయన మేస్త్రీ. తాపీ పట్టుకుంటే గోడ దారం లాగినట్టు వచ్చేది, ఆ మాట ఆయన్ను గిట్టనివాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు. అన్ని ఇళ్లు కట్టాక తన ఇల్లు కట్టుకుందామని కాలనీకి చివర, అడవి వైపున్న ప్లాటులో ముగ్గు పోశాడు.

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మేము చర్చికి పోయేవాళ్లం. మా సంఘంలో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా అయ్యగారు వచ్చి పునాది గుంత దగ్గర ప్రార్థన చేస్తారు. ఇసుక మీద కట్టుకున్న ఇల్లు ఏమైందో, బండ మీద కట్టుకున్న ఇల్లు ఎలా నిలబడిందో మేమంతా చిన్నప్పటి నుంచి విన్నవాళ్లమే. అందువల్ల మా వాళ్లు పునాది తవ్వేటప్పుడు గడ్డపార ఠంగుమంటే అక్కడితో ఆగిపోతారు. బండ తగిలిందని ఒకరికొకరు చెప్పుకుంటారు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు కొబ్బరికాయ కొట్టినంత సంతోషంగా చేతులు దులుపుకుంటారు. ఆ బండ ఎంత మందం, దాని కింద ఏముంది అని అడిగినవాణ్ని నేను చూడలేదు.

మా నేల పైన అంతా ఇసుకే. పార వేస్తే పిండిలా వస్తుంది. దాని కింద తెల్లటి సున్నపురాయి ఉంటుంది. మా ప్లాటులో మూడు మూలల్లో నడుంలోతులోనే ఆ రాయి తగిలింది. నాలుగో మూలలో తగల్లేదు. మనిషి మునిగేంత తవ్వినా ఇసుకే వస్తోంది. పైగా పక్కలు జారి తవ్విందంతా మళ్లీ పూడుతోంది. ఆ సాయంత్రమే ప్రార్థన. అయ్యగారు భద్రాచలం నుంచి బ్రిడ్జి దాటి వచ్చి కుర్చీలో కూర్చున్నారు, చుట్టాలకు టీలు కూడా అయిపోయాయి.

"ఇంకా రాయి రాలేదు కదయ్యా, రేపు పెట్టుకుందాం ప్రార్థన," అన్నాను మా ఆయన చెవిలో.

"మూడు మూలలకు బండ ఉన్నది. నాలుగోది ఏడికి పోతదే? జర లోపల ఉంటది, అంతే," అన్నాడు.

గబగబా పెద్దరాళ్లు నాలుగు దొర్లించి, ఇసుక నింపి, పైన కాంక్రీటు పోయించాడు. అయ్యగారు బండ గురించే ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అన్నాను. కళ్లు మూసుకోవాల్సిన టైములో ఆ నాలుగో మూలలో తడి కాంక్రీటును చూస్తున్నానని నాకే సిగ్గేసింది. ప్రార్థనలో అనుమానపడటం తప్పని మా అమ్మ నేర్పింది.

ఇల్లు లేచింది. స్లాబు పడింది. నాలుగో మూల ముందుగదిలోకి వచ్చింది. ఆ గదిలో చార్టులు అంటించి, పిల్లల్ని తూచే కాటా వేలాడదీసి సెంటర్ మొదలుపెట్టాను.

సెంటర్‌లో నాకు తోడు ఆయమ్మ. అర కిలోమీటరు దూరంలోని కోయగూడెం మనిషి. వయసెంతో ఆమెకే తెలియదు. పొద్దున్నే గూడెం పిల్లల్ని పదకొండు మందిని వెంటేసుకుని వచ్చేది, మిగతా ఏడుగురు కాలనీ పిల్లలు. పిల్లలతో కోయలో మాట్లాడేది, నాతో తెలుగులో మాట్లాడేది, తిట్టాల్సి వస్తే రెండూ వాడేది. నేను సత్తుపల్లి వైపు దాన్ని కాబట్టి నా మాటలో ఆంధ్రా వాసన ఉందని మా ఆయనతో కలిసి నవ్వేది. ఆమె ఉప్మా వండితే పిల్లలు గిన్నెలు నాకేవాళ్లు, నేను వండితే మర్యాదకు తినేవాళ్లు.

అప్పట్లో ఎక్కడ చూసినా ఇంకుడు గుంతల మాటే. వాననీళ్లు వృథాగా పోకూడదు, ప్రతి ఇంటికీ గుంత ఉండాలి అని మీటింగులు పెట్టి చెప్పేవాళ్లు. మంచి మాటే. మా ఆయన మా గుంతను నాలుగో మూలకు బయట, గోడకు రెండడుగుల దూరంలో తవ్వాడు. కంకర, గులకరాళ్లు, ఇసుక వరసగా నింపాడు. స్లాబు మీది నీళ్లూ, స్నానాల నీళ్లూ, అంట్లు తోమిన నీళ్లూ అన్నీ అందులోకే. కాలనీలో మిగతావాళ్ల గుంతలు నెల తిరక్కుండా నిండి, కంపు కొట్టి, దోమలు పెట్టాయి. మాది మాత్రం నిండలేదు. ఎన్ని బిందెలు పోసినా కాసేపటికి అడుగు కనిపించేది.

మా ఆయన గర్వం అంతా ఇంతా కాదు. వచ్చినవాళ్లందరికీ బకెట్టుతో పోసి చూపించేవాడు. అటు ఇటు ఇళ్లవాళ్లు తమ మోరీలు కూడా మా గుంతకే తిప్పుకుంటామంటే సంతోషంగా ఒప్పుకున్నాడు. ఎవరో ఆఫీసర్లు వచ్చి ఫొటో తీసుకున్నారు. ఆ రోజు ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుంత పక్కన పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

ఆయమ్మ ఒక్కతే గుంతలోకి వంగి చూసి అడిగింది. "ఈ నీళ్లన్నీ ఏడికి పోతున్నయ్ టీచరమ్మా?"

"భూమిలకు," అన్నాడు మా ఆయన.

"భూమిల ఏడికి?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం జవాబు చెప్పాలో తెలియకనే నవ్వాను.

రెండో వానాకాలంలో ముందుగది కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులు వచ్చింది. దారమంత. మా ఆయన సిమెంటు పూశాడు. నెలకు మళ్లీ అక్కడే వచ్చింది, ఈసారి చిటికెనవేలు గోరు దూరేంత. ఎండకు స్లాబు సాగుతుందని, కొత్త ఇళ్లన్నిటికీ ఇది మామూలేనని చెప్పాడు. కానీ నాకు చెప్పకుండా పాత ఫొటో ఫ్రేము అద్దం కోసి, పగులుకు అడ్డంగా ఒక ముక్కను సిమెంటుతో అతికించాడు. గోడ కదులుతుందో లేదో చూడటానికి మేస్త్రీలు అలా చేస్తారు. కదలకపోతే అద్దం అలాగే ఉంటుంది. తొమ్మిదో రోజు పొద్దున గది ఊడుస్తుంటే అద్దం రెండు ముక్కలై ఉంది.

"పిల్లలు కొట్టి ఉంటరు," అన్నాడు.

అది నా తలకంటే ఎత్తులో ఉంది. ఆ మాట నేను అనలేదు. అంటే ఆయన ఇంకేదో చెప్తాడు, అది నమ్మాల్సి వస్తుంది. 

ఆ తర్వాత తలుపు పట్టేసింది. కింద రాసుకుంటుంటే రందా పట్టించాం. పదిహేను రోజులకు పైన రాసుకోవడం మొదలైంది. నేను రాత్రీ పగలూ ఆ గది గురించే ఆలోచించేదాన్ని. ఆలోచించి, మళ్లీ తెల్లారి పిల్లల్ని అందులోనే కూర్చోబెట్టేదాన్ని.

చివరికి నాకు సంగతి తెలిపింది పిల్లలే. ఆటల టైములో వాళ్లు ఒకే చోటికి పరుగెత్తేవాళ్లు. నాలుగో మూలలో ఒక నాపరాయి ఉంది, దాని మీద ఎగిరితే డప్పులా మోగుతుంది. నేనంటే నేనని తోసుకుని వంతులేసుకుని ఎగురుతున్నారు. ధబ్, ధబ్, ధబ్. ఆయమ్మ గిన్నెలు తోముతూ ఆగిపోయింది. నేను పాట ఆపేశాను.

పిల్లలు ఇళ్లకు పోయాక పచ్చడి నూరే బండ తీసుకుని గచ్చంతా కొట్టుకుంటూ వెళ్లాను. గడప దగ్గర టక్. కిటికీ కింద టక్. గది నడుమ టక్. ఆ మూలకు రెండడుగుల దూరం నుంచి ధబ్. కాళ్ల కింద ఖాళీ ఉందని చెవులే చెప్పాయి. అక్కడి నుంచి లేచి నిలబడటానికి కూడా భయపడి, పాక్కుంటూ గడప దాకా వచ్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వుతారు.

మర్నాడు ఆయమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మా చిన్నప్పుడు ఈడికే గొడ్లను తోలేటోళ్లం. ఒకపాలి మా అయ్య ఎద్దు నిలబడ్డకాడనే దిగవడ్డది, నడుం దాక. తాళ్లేసి గుంజినం. కాలిరిగింది. ఆ బొందల కొమ్మలేసి మన్నుపోసి పూడ్చిండ్రు. అప్పట్నించి ఈ దిక్కు తోలలే, గుడిసెలు గూడ ఎయ్యలే."

"మరి మేం ఇల్లు కడుతుంటే ఎందుకు చెప్పలేదు ఆయమ్మా?"

"నన్ను ఎవరడిగిండ్రు?" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో పెద్ద గొడవ. ఎద్దు కథ చెప్పాను, అద్దం సంగతి గుర్తుచేశాను, గచ్చు కొట్టి వినిపించాను.

"బల్లికి భయపడతవ్, ఉరుముకు భయపడతవ్, ఇగ గచ్చుకు గూడ భయపడతవా? గచ్చు కింద ఇసుక జర కూసుంటది. రాయి కింద సందు వస్తది. అంతే."

"పద్దెనిమిది మంది పిల్లలయ్యా. మన పిల్లలు కాదు, ఊరి పిల్లలు."

ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు సెంటర్ తీసేస్తే కాలనీల ఏమంటరో ఎరికేనా? మేస్త్రీ ఇల్లే కూలుతదట అంటరు. ఏడిండ్లోళ్లు నా మీదికి వస్తరు. నా చేతికి తాపీ ఎవడిస్తడు మళ్ల?"

ఆయన భయం ఆయనకుందని అప్పుడర్థమైంది. నాకంటే పెద్ద భయమే. కానీ ఆయన భయానికి మర్యాద ఉంది, నా భయానికి లేదు. అదే నాకు మంట.

అడిగి లాభం లేదని నేనే ఆయమ్మతో కలిసి రోడ్డుకు అవతల తాటాకు పందిరి వేయించి, పిల్లల్ని అక్కడికి మార్చాను. గాలి వస్తుంది, వెలుతురు బాగుంటుంది అని అడిగినవాళ్లకు చెప్పాను. నిజం చెప్పలేదు. కాలనీ తల్లులు రెండు వారాలు ఊరుకున్నారు. జల్లులు మొదలయ్యాక, సిమెంటు ఇల్లు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చోబెడతావా అని నిలదీశారు. ఎవరు చేరవేశారో, సూపర్‌వైజర్ నుంచి కబురు వచ్చింది. మంగళవారం చూడటానికి వస్తాను, పిల్లలు గదిలో ఉండాలి, లేకపోతే సెంటర్ ఇంకో ఊరికి పోతుంది అని.

ఆ ఉద్యోగం నాకు ప్రాణం. దాన్ని చిన్నది చేసి చెప్పను. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని నలుగురు టీచరమ్మా అని పిలుస్తున్నారంటే ఆ సెంటర్ వల్లే. సోమవారం సాయంత్రం నాలుగో మూలకు నడిచి వెళ్లి ఆ రాయి మీద నిలబడ్డాను. నేను బరువైన మనిషినే. వంద లెక్కపెట్టాను. ఏమీ కాలేదు. చూశావా, ఏమీ కాలేదు అని పైకే అన్నాను.

అప్పుడే మా ఆయన వచ్చాడు.  మోకాళ్ల మీద కూర్చుని, చెవి గచ్చుకు ఆనించి చాలాసేపు విన్నాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఏముంది?" అన్నాను.

"ఏం లేదు," అని నా ముఖం చూడకుండా బయటికి పోయాడు. ఆ ఏం లేదు అన్న మాటకు నాకు వేసినంత భయం ఇంక దేనికీ వేయలేదు. అయినా ఆ మాటనే పట్టుకున్నాను. మేస్త్రీ చూసి ఏం లేదన్నాడు కదా అని రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను.

మంగళవారం తెల్లారుజాము నుంచే వాన. మూడిళ్ల నీళ్లు మోరీల్లో వచ్చి మా గుంతలో పడుతున్నాయి. గుంత గుటకలేస్తున్న చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. ఆయమ్మ పిల్లల్ని గోనెసంచుల కింద తెచ్చి పందిట్లో దింపి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. ఆమె అటు పోగానే నేను పిల్లల్ని గదిలోకి తెచ్చాను. గడప పక్క గోడకు చేర్చి రెండు వరసల్లో కూర్చోబెట్టాను. ఎవరూ నాలుగో మూలకు పోకుండా పిల్లలకిచ్చే పిండి బస్తా, వేలాడే కాటా దించి అక్కడ అడ్డం పెట్టాను. ఇంతదూరంలో ఉంటే ఏం కాదు, గంటసేపే కదా, మేడం చూసి వెళ్లగానే పందిట్లోకి మార్చేస్తాను అనుకున్నాను. అంటే నాకు తెలుసు. తెలిసే దూరం కొలుచుకున్నాను.

ఆయమ్మ బిందె భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పిల్లల్ని చూసింది. బిందె దించింది. ఇద్దరి చేతులు పట్టుకుని రోడ్డు దాటించి పందిట్లో వదిలి వచ్చింది. మళ్లీ ఇద్దర్ని. తర్వాత కోయలో ఏదో అంటే మిగతా పిల్లలు లేచి ఆమె వెనకే నడిచారు. తన గిన్నె వదలని ఒకణ్ని గిన్నెతో సహా చంకనేసుకుంది.

"ఎవరు చెప్పారు నీకు? సూపర్‌వైజర్ మేడం వస్తున్నారు!" అని అరిచాను.

"రానీ. ఆమెనే కూసోబెట్టు ఆ గదిల."

"పిల్లలు తడుస్తున్నారు!"

"తడిస్తే ఆరుతరు టీచరమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. నా భయమంతా కోపమైపోయింది. నీ మీద రాస్తానన్నాను. రేపటి నుంచి రావద్దన్నాను. గూడెం మనిషివి నీకేం తెలుసు రూల్సు అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చేయి ఆగుతోంది. ఆమె కొంగుతో పిల్లల తలలు తుడుస్తూ కూర్చుంది.

నేను వానలో రోడ్డు దాటి పందిట్లోకి పోయి అందిన ఇద్దరు పిల్లల చేతులు పట్టుకున్నాను. ఒకడు కాలనీ పిల్లవాడు. ఇంకొకతె గూడెం పాప, నాలుగేళ్లది. పిల్లవాడు వచ్చేశాడు. పాప మొరాయించింది. కాళ్లు బురదలో తన్నిపట్టి ఏడుపు లంకించుకుంది. లాగాను. రోడ్డంతా లాక్కుంటూ తెచ్చాను. మెట్టెక్కాం. నా కుడికాలు గడప మీద పడింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ధాన్యం బస్తాను గచ్చు మీద ఈడ్చినట్టు ఒక చప్పుడు. పిండి బస్తా కొంచెం వంగింది. తర్వాత లోపలికి పోయింది. దాని వెనక కాటా, దాని వెనక నాపరాళ్లు ఒకటి తర్వాత ఒకటి మొగ్గి జారిపోయాయి. కింది నుంచి చల్లటి గాలి, తడి సున్నం వాసన నా ముఖానికి కొట్టింది. అప్పుడు మూల గోడ రెండు పక్కలా విడిపోయి కూలింది, స్లాబు అంచు విరిగి కమ్ములకు వేలాడింది. దుమ్ము లేచి వానకు అణిగేసరికి ముందుగదిలో సగానికి పైగా గచ్చు లేదు. పిల్లల్ని కూర్చోబెట్టిన రెండు వరసల చాపల్లో ఒకటి పోయింది. రెండోది అంచు మీద సగం వేలాడుతోంది.

నా కాళ్లు కదల్లేదు. అరుపు కూడా రాలేదు, బల్లికి అరిచే నాకు. పాప నా చేయి పట్టుకుని వెనక్కి గుంజింది. నాలుగేళ్ల పిల్ల గుంజితే నేను మెట్టు దిగాను.

చప్పుడుకు కాలనీ జనం పరుగెత్తి వచ్చారు. వాళ్లు చూసింది ఇది: కూలిన ఇంటి గుమ్మంలోంచి టీచరమ్మ ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని బయటికి వస్తోంది, మిగతా పిల్లలందరూ పందిట్లో భద్రంగా ఉన్నారు. "టీచరమ్మ అందర్నీ బయటికి తెచ్చింది!" అని ఎవరో అరిచారు. ఒకామె వచ్చి నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో ఆమెకు తెలియదు.

మా ఆయన పని మీది నుంచి సైకిలేసుకుని వచ్చాడు. అంచుకు కొంచెం దూరంలో నేల మీద కూలబడ్డాడు. ఎవరో తాడుకు రాయి కట్టి ఆ గోతిలోకి వదిలారు. రెండు తాళ్లు ముడేసినా అడుగు అందలేదు, నీళ్ల చప్పుడు మాత్రం పైకి వినిపించింది. అందరూ పక్కకు పోయాక మా ఆయన నాతో అన్నాడు.

"నిన్న ఇన్ననే. కింద నీళ్లు పారుతున్నయ్. ఇని గూడ చెప్పలే."

 ఆయన్ను తప్పు పట్టే హక్కు నాకెక్కడిది. ఆ వారంలోనే ఆయన తాను కట్టిన ఏడిళ్లకూ తనే పోయి, గుంతలు పూడ్చేయండి, నీళ్లు దూరంగా రోడ్డు మోరీలోకి వదలండి అని చెప్పి వచ్చాడు. కొందరు తిట్టారు. నిలబడి విన్నాడు. తర్వాత కొన్నేళ్లు పాల్వంచ వైపు పోయి వేరే మేస్త్రీల కింద పనిచేశాడు. మేము మళ్లీ సొంత ఇల్లు కట్టుకోలేదు.

సూపర్‌వైజర్ మేడం మధ్యాహ్నం వచ్చింది. గచ్చు పోయిన గొయ్యి చూసి చెమటలు తుడుచుకుంది. టీచర్ సమయానికి తెలివిగా పిల్లల్ని కాపాడిందని రిజిస్టర్‌లో తన చేత్తో రాసింది. కింద నన్ను సంతకం పెట్టమంది. పెట్టాను.

మర్నాడు గూడెం నుంచి తల్లులు వచ్చారు. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు ఆకుల్లో కట్టి తెచ్చారు. ఆ పాప తల్లి వంగి నా కాళ్లు పట్టుకుంది. "నువ్వు లేకుంటే నా బిడ్డ లేదు టీచరమ్మా," అంది. ఆయమ్మ అదే పందిట్లో, నాకు నాలుగడుగుల దూరంలో, గిన్నెలు తోముతోంది. తల ఎత్తలేదు. నేను ఆ తల్లిని లేపి, నాదేముందమ్మా, అంతా దేవుడి దయ అన్నాను. జనం ఆ మాటకు నన్ను ఇంకా మెచ్చుకున్నారు.

కొన్ని నెలల తర్వాత ఆయమ్మను అడిగాను. ఆ తల్లులకు అసలు సంగతి ఎందుకు చెప్పలేదని.

"చెప్తే ఏమైతది? నీ కాడికి పిల్లల్ని పంపరు. పంపకుంటే ఆ పూట ముద్ద గూడ ఉండదు ఆళ్లకు," అంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను క్షమించమని అడగలేదు. అడుగుదాం అనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి, ఒక ఎండాకాలం ఆమె జ్వరంతో పోయింది. ఆమె సమాధి దగ్గరైనా నలుగురికీ నిజం చెప్పాల్సింది. నోరు రాలేదు.

ఆ పాప ఇప్పుడు ఒక బిడ్డ తల్లి. గూడెంలోనే ఉంటుంది. పోయిన ఏడాది కొడుకును సెంటర్‌లో చేర్పించడానికి నా దగ్గరికే తెచ్చింది. వాడికి నన్ను చూపించి, అమ్మను చిన్నప్పుడు కాపాడిన టీచరమ్మ ఈమే అని చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది.

"టీచర్, నాకొకటే యాదికున్నది. మీరు నా చెయ్యి బాగా గట్టిగ పట్టుకున్నరు. నేను ఒక్కటే తీరు ఏడుస్తున్న. ఇల్లు కూలకముందే ఏడుస్తున్న. ఎందుకేడ్చిన్నో యాదికొస్తలేదు."

 ఆ రోజు గడప మీద కూడా అంత భయపడలేదు.

"వాన కదమ్మా. చలేసి ఉంటుంది," అన్నాను.

"అయ్యుంటది టీచర్," అని, కొడుకు చేయి తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.